రొయ్యల నీటికి ఓజోను: ఎక్కడ మేలు, ఎక్కడ కీడు



వరికి నేల యెట్టిదో రొయ్యకు నీరు అట్టిది. నేల చెడిన యెడల పైరు ఆ సంగతిని ఆకులలో చూపును. రైతు చూచి, తగిన ఎరువో మందో వేయుటకు కొన్ని దినముల వ్యవధి ఉండును. నీరు చెడిన రొయ్యకు ఆ వ్యవధి లేదు. రాత్రి మేత తిన్న రొయ్య తెల్లవారుసరికి గట్టువార తేలియుండును. 1994లో మన దేశమునకు వచ్చిన తెల్లమచ్చల వ్యాధి కోస్తా జిల్లాల రైతులకు ఈ పాఠమును కఠినముగా నేర్పినది. 2009లో వనామి రొయ్యను పెంచుటకు అనుమతి లభించిన పిమ్మట సాగు విస్తరించినది. దానితోపాటు పెట్టుబడియు, భయమును పెరిగినవి.

భయమున్నచోట అమ్మకములు సులభము. ఓజోను యంత్రము పెట్టిన యెడల క్రిములు చచ్చుననియు, అమ్మోనియా పోవుననియు, నీటిలో ప్రాణవాయువు పెరుగుననియు, ఇక మందులతో పని లేదనియు చెప్పి అమ్మజూపువారు కలరు. ఇందులో నిజము లేకపోలేదు. కాని ఎట్టి నీటిలో, ఎంత నీటిలో, ఎంత మోతాదులో అను మూడు సంగతులు చెప్పనిచో ఆ నిజము రైతునకు ఉపయోగపడదు. ఆ మూడు సంగతులను తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఓజోను అననేమి?

మనము పీల్చు ప్రాణవాయువులో పరమాణువులు రెండేసి జంటగా నుండును. మూడు కలిసియున్న అది ఓజోను అగును. ఆ మూడవది నిలకడ లేనిది. తగిలిన దానిని పట్టుకొని మార్చివేయును. క్రిమి పైపొరకు తగిలిన ఆ పొర చెడును. నీటిలోని పసుపురంగునకు తగిలిన ఆ రంగు విరిగిపోవును. పిడుగు పడినప్పుడు గాలిలో వచ్చు ఘాటైన వాసన దీనిదే. 1840లో షోన్‌బైన్ అను శాస్త్రజ్ఞుడు ఈ వాసనను బట్టి దీనిని వేరొక పదార్థముగా గుర్తించి, వాసన చూచుట అను అర్థము గల గ్రీకు మాట నుండి దీనికి పేరు పెట్టెను. 1906 నుండి ఫ్రాన్సు దేశములోని నీస్ నగరములో త్రాగునీటిని శుద్ధిచేయుటకు దీనిని వాడిరి.

నిలకడ లేనిది గనుక దీనిని సీసాలలో నింపి అమ్ముటకు వీలు లేదు. వాడుచోటనే తయారు చేసికొనవలెను. యంత్రములో హెచ్చు వోల్టేజి గల విద్యుత్తు నడుమ గాలిని పంపిన, అందులోని ప్రాణవాయువులో కొంత భాగము ఓజోనుగా మారును. ఆ గాలి పొడిగా ఉండవలెను. తేమగాలి పంపిన ఓజోను తగ్గుటయే గాక నత్రికామ్లము పుట్టి యంత్రమును తినివేయును. మన సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. కావున గాలిని ఆరబెట్టు భాగము లేని యంత్రము మన ప్రాంతమునకు తగదు. సిలికా జెల్ గుళికలు గల యంత్రమైన యెడల, గుళికల రంగు మారగనే వానిని వేడిచేసి ఆరబెట్టి మరల వాడుకొనవలెను.

మంచినీటిలో ఒక తీరు, ఉప్పునీటిలో ఒక తీరు

మంచినీటిలో వేసిన ఓజోను తన పని తాను చేసి కొంతసేపటికి ప్రాణవాయువుగా మారిపోవును. అందువలననే "మిగులు ఏమియు ఉండదు" అని కరపత్రములలో వ్రాయుదురు. ఈ మాట సముద్రపు నీటికి వర్తించదు.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడు కలదు. ఉప్పదనము 10 పి.పి.టి. మాత్రమే గల చెరువు నీటిలో సైతము 18, 19 మిల్లీగ్రాములు ఉండును. సముద్రపు నీటిలో పడిన ఓజోను కొద్ది సెకండ్లలోనే ఈ బ్రోమైడును తాకి హైపోబ్రోమస్ ఆమ్లమును పుట్టించును. ఇది బ్లీచింగు పౌడరు నీటిలో ఏర్పడు క్లోరిను మందునకు తోబుట్టువు వంటిది. నీటిలోని అమ్మోనియాతో కలిసి మరికొన్ని బ్రోమిను పదార్థములుగా మారును. ఓజోను పోయినను ఇవి నీటిలో నిలిచియుండును. క్రిములను చంపునవి ఎక్కువగా ఇవియే. రొయ్య మొప్పలను కాల్చునవియు ఇవియే. వీటన్నిటిని కలిపి ఈ వ్యాసములో "మిగులు ఘాటు" అందుము.

రైతులు గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. మీరు ఎరిగిన బ్లీచింగు పౌడరు కూడ సముద్రపు నీటిలో ఇదే పని చేయును. దానిలోని క్లోరిను బ్రోమైడును తాకి అదే హైపోబ్రోమస్ ఆమ్లమును ఇచ్చును. దారులు వేరైనను రెండును చేరు ఊరు ఒక్కటే. కావున బ్లీచింగు చేసిన నీటిలో వెంటనే పిల్లలను వదలకుండ ఎట్లు జాగ్రత్తపడుదురో, ఓజోను పట్టిన నీటి విషయములోను అట్లే జాగ్రత్తపడవలెను.

మరువరాని రెండు లెక్కలు

తెల్లమచ్చల వ్యాధి వైరసును సముద్రపు నీటిలో నిర్వీర్యము చేయుటకు మిగులు ఘాటు లీటరుకు 0.5 మిల్లీగ్రాము ఉండి, 10 నిమిషములు నిలువవలెనని పరీక్షలలో తేలినది. ఇది మొదటి లెక్క.

వనామి పిల్లరొయ్యలను అదే 0.5 మిల్లీగ్రాము ఘాటు గల నీటిలో నాలుగు దినములుంచిన సగము చచ్చినవి. హాని లేకుండ పెరుగవలెనన్న ఘాటు 0.06 మిల్లీగ్రాము దాటరాదని ఆ పరీక్షలు తెలిపినవి. ఇది రెండవ లెక్క.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. వైరసును చంపు మోతాదు, రొయ్యకు క్షేమమైన మోతాదునకు ఎనిమిది రెట్లకు పైగా ఉన్నది. రొయ్యలున్న నీటిలో వైరసు చచ్చునంత ఓజోను నిలిపియుంచిన యెడల రొయ్యయు చచ్చును. రొయ్యకు హాని లేనంత తక్కువగా నిలిపిన వైరసు చావదు. కావున ఓజోనుతో క్రిములను చంపు పని రొయ్యలు లేని నీటిలోనే జరుగవలెను. ఆ పిమ్మట ఘాటును తీసివేసి, పరీక్షించి, అప్పుడే ఆ నీటిని రొయ్యలకు ఇయ్యవలెను. ఈ ఒక్క సంగతి మనస్సున నిలిచిన మిగిలినదంతయు సులభముగా బోధపడును.

గాజుతొట్టెలో ఎట్లు వాడుదురు?

విదేశములలో ఇండ్లలో గాజుతొట్లయందు సముద్రపు నీరు నింపి, పగడపు జీవులను, రంగుచేపలను పెంచు అభిరుచి చాలమందికి కలదు. ఓజోనును చిన్న మోతాదులో వాడు పద్ధతి అక్కడ బాగుగా అలవాటైనది. దానిని తెలిసికొనిన పెద్ద తొట్ల సంగతి తేలికగా అర్థమగును.

ఇట్టి తొట్టెలో నీరు అదే పనిగా తిరుగుచుండును. కొన్ని నెలలకు మేత, మలము, నాచు కుళ్లిన పదార్థముల వలన నీరు లేత పసుపురంగు పట్టును. వెలుతురు లోనికి సరిగా పోదు. వారు ఓజోనును తొట్టెలోనికి సూటిగా వదలరు. స్కిమ్మరు అను నురుగు తీయు గొట్టములోనికి గాలితోపాటు పంపుదురు. నీరు అక్కడ ఓజోనును కలిసి, వెలుపలికి వచ్చునప్పుడు ఉత్తేజిత బొగ్గు గుండా పోవును. బొగ్గు మిగులు ఘాటును పట్టివేయును. జీవులున్న తొట్టెకు చేరునది ఘాటు లేని, రంగు విరిగిన నీరు మాత్రమే. 200 లీటర్ల తొట్టెకు గంటకు 20 మిల్లీగ్రాముల ఓజోను సరిపోవుచున్నది.

వారు ఓ.ఆర్.పి. మీటరును తొట్టెలో ఉంచుదురు. ఇది నీటి ఆక్సీకరణ శక్తిని మిల్లీవోల్టులలో చూపును. 300 నుండి 400 వరకు మేలైన హద్దుగా ఎంచి, అంతకు మించిన యంత్రము దానంతట అదే ఆగునట్లు ఏర్పాటు చేసికొందురు. అయితే ఈ మీటరు ఘాటు ఎంత యున్నదో చెప్పదు. నీటి పి.హెచ్. మారిన అంకె మారును. కడ్డీకి జిగురు పట్టిన తప్పు చూపును. దానిని యంత్రమునకు కళ్లెముగా వాడుకొనవలెనే గాని ఘాటును కొలుచు త్రాసుగా నమ్మరాదు.

ఈ గాజుతొట్టెలో ఓజోను చేయునది ముఖ్యముగా రంగు విరుచుట, నురుగు బాగుగా తేలునట్లు చేయుట. ఇంత చిన్న మోతాదు వ్యాధిక్రిములను నిర్మూలించదు.

హేచరీలో వాడు పద్ధతి

ఓజోను నిజముగా పనికివచ్చు చోటు హేచరీ. అచ్చట నీరు కొలతలో ఉండును. తొట్లు సిమెంటువి గనుక అడుగున బురద ఉండదు. నీటిని శుద్ధిచేసిన పిమ్మటనే పిల్లలను వదలుదురు. 10,000 లీటర్ల తొట్టెకు లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఓజోను పట్టించుటకు 10 గ్రాములు కావలెను. గంటకు 10 గ్రాములిచ్చు యంత్రము, ఓజోను వృథా కానిచో, ఒక గంటలో ఈ పని చేయగలదు. ఈ క్రింది వరుసను తప్పక పాటింపవలెను.

1. ముందు వడపోత. ఇసుక వడపోత, దాని పిమ్మట సన్నని ఫిల్టరు గుండా నీటిని పంపవలెను. మడ్డినీటిలో వేసిన ఓజోను మడ్డిని మార్చుటకే ఖర్చగును. క్రిములకు మిగలదు.

2. వేరు తొట్టెలో ఓజోను పట్టించుట. పిల్లలుగాని, వాటికి మేతగా పెంచు నాచుగాని లేని తొట్టె కావలెను. వెంచురి గొట్టము ద్వారా గాని, ఎత్తైన గొట్టము అడుగు నుండి సన్నని బుడగలుగా గాని పంపిన ఓజోను బాగుగా కలియును. పెద్ద బుడగలు పైకి వచ్చి పగిలిన ఓజోను గాలిలో పోవును.

3. నిలువయుంచుట. ఘాటును పరీక్షించి చూచుచు, 0.5 మిల్లీగ్రామునకు తగ్గకుండ 10 నిమిషములైన ఉంచవలెను. ఓజోను పట్టించిన లెక్క చాలదు. నీటిలో నిలిచిన ఘాటే లెక్కకు వచ్చును.

4. ఘాటు తీయుట. నీటిని ఉత్తేజిత బొగ్గు గుండా పంపవలెను. లేదా సోడియం థయోసల్ఫేటు వేయవలెను. పరీక్షలో చూపిన ఘాటు ఒక పాలునకు థయోసల్ఫేటు 7 పాళ్లు కావలెను. ఆరుబయట తొట్లలో ఎండయు ఘాటును తగ్గించును. కాని మబ్బు దినములలో ఎండను నమ్ముకొనరాదు.

5. పరీక్ష. డి.పి.డి. బిళ్లలతో మొత్తము క్లోరినును చూచు పెట్టె దీనికి సరిపోవును. బ్రోమిను ఘాటును కూడ అది గులాబిరంగుగా చూపును. 0.06 వంటి చిన్న అంకెను కంటితో పోల్చి చదువుట కష్టము. కావున గులాబిఛాయ ఏ మాత్రము కనబడరాదు. నీటిని తీసిన వెంటనే పరీక్షింపవలెను.

6. బకెట్టు పరీక్ష. తయారైన నీటిని బకెట్టులో పోసి, గాలి పెట్టి, కొద్ది పిల్లలను వదలి ఒక రాత్రి, ఒక పగలు చూడవలెను. ఇరువది పిల్లలతో పోవు నష్టము లక్షల పిల్లలకు రాకుండ ఇది కాపాడును.

మోతాదు ఎక్కువైన మేలు ఎక్కువగునని తలంపరాదు. అతిగా పట్టించిన బ్రోమేటు అను పదార్థము పుట్టును. థయోసల్ఫేటు వేసినను, బొగ్గు గుండా పంపినను అది సులభముగా పోదు. నీటిని వడకట్టి మరల మరల వాడు తొట్లలో అది క్రమముగా చేరుచుండును. మందులు, విటమినులు కలిపిన నీటికి ఓజోను పట్టించిన అవియు చెడిపోవును.

ఒక సంగతి గుర్తుంచుకొనుడు. తల్లిరొయ్యలోనే వైరసు ఉన్న యెడల నీటిని ఎంత శుద్ధిచేసినను పిల్లలకు అది సంక్రమింపగలదు. "మా హేచరీలో ఓజోను ఉన్నది" అన్న మాటను విని పి.సి.ఆర్. పరీక్ష లేని సీడును కొనరాదు.

చెరువులో ఎందుకు పనికిరాదు?

ఒక ఎకరము చెరువులో 1.2 మీటర్ల లోతు నీరున్న అది సుమారు 48 లక్షల లీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున ఓజోను పట్టించుటకు 4,800 గ్రాములు కావలెను. గంటకు 10 గ్రాములిచ్చు యంత్రము రాత్రింబవళ్లు ఆగక నడచినను 480 గంటలు, అనగా 20 దినములు పట్టును. ఈలోగా మొదటి దినమున పట్టించినది ఎన్నడో ఖర్చయియుండును. గాజుతొట్టెకు కొండంతయైన యంత్రము చెరువునకు ఏనుగు దాహమునకు చూరునీళ్ల వంటిది.

పెద్ద యంత్రము తెచ్చిన సరిపోవునా? ఇంకను మూడు చిక్కులు కలవు. మొదటిది, చెరువు నీటిలో నాచు, మేత తునకలు, మలము ఎక్కువ. ఓజోను వాటికే ఖర్చగును. రెండవది, ఘాటు హెచ్చినచో రొయ్య కంటె ముందు నాచు చచ్చును. పచ్చగా నున్న నీరు ఒక్కసారిగా తేరుకొని, చచ్చిన నాచు కుళ్లి, రాత్రివేళ ప్రాణవాయువు పడిపోవును. తేటనీటిని చూచి మురియుట తగదు. మూడవది, వ్యాధిక్రిములకు అడుగు బురద ఇల్లు. నీటిలో పట్టించిన ఓజోను బురదలోనికి దిగదు. ఇ.హెచ్.పి. బీజములకు మందు ఎండగట్టిన చెరువు అడుగును దున్ని సున్నము పట్టించుటయే గాని, నీటిలోని బుడగలు కావు.

ప్రాణవాయువు పెరుగుననుట సంగతి కూడ చూతము. 10 గ్రాముల ఓజోను అంతయు ప్రాణవాయువుగా మారినను 10 గ్రాములే అగును. ఒక హార్స్‌పవరు ఏరేటరు గంటకు కొన్ని వందల గ్రాముల ప్రాణవాయువును నీటికి ఇచ్చును. ఓజోను యంత్రమును నమ్మి ఏరేటరును ఆపిన రైతు తెల్లవారకమునుపే నష్టపోవును.

ఓజోను నైట్రైటును మార్చగలదు. కాని ఒక గ్రాము నైట్రైటుకు సుమారు ఒక గ్రాము ఓజోను కావలెను. లీటరుకు 1 మిల్లీగ్రాము నైట్రైటు గల ఎకరము చెరువునకు లెక్క వేసిన మరల అదే 20 దినములు వచ్చును. అమ్మోనియాను తీయుట అంతకంటెను కష్టము. ఈ రెండింటికి మేత తగ్గించుట, అడుగు మడ్డి తీయుట, నీరు మార్చుట, ఏరేటర్లు నడపుట, ఇవియే తగిన మార్గములు. నీటిని వడకట్టి మరల వాడు తొట్లలో నైట్రైటును తినివేయు మేలైన బాక్టీరియా ఫిల్టరులో నుండును. ఓజోను ఆ నైట్రైటును ముందే మార్చివేసిన ఆ బాక్టీరియా తగ్గిపోవును. కరెంటు పోయి ఓజోను ఆగిన నాడు నైట్రైటు ఒక్కసారిగా పెరుగగలదు.

పనివారి క్షేమము

ఓజోను ఊపిరితిత్తులకు హాని చేయును. ఎనిమిది గంటలు పనిచేయు చోట గాలిలో పది లక్షల పాళ్లకు 0.1 పాలు మించరాదు. అంతకు తక్కువలోనే వాసన తెలియును గాని, కొంతసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియకపోవును. వాసన పోయినదని ధైర్యపడరాదు. గొంతు మంట, దగ్గు, గుండెలో బరువు కలిగిన వెంటనే యంత్రమును ఆపి బయటి గాలికి పోవలెను. యంత్రమును కిటికీలు లేని గదిలో ఉంచరాదు. తొట్టె పైకి తేలు గాలిని బొగ్గు గుండా పంపియో, గొట్టముతో బయటికి తీసియో వదలవలెను.

రబ్బరు గొట్టములు ఓజోనుకు పెళుసై పగులును. సిలికోను, టెఫ్లాను గొట్టములు వాడవలెను. నీరు వెనుకకు మరలి యంత్రములోనికి పోకుండ వాల్వు బిగింపవలెను. లోపల హెచ్చు వోల్టేజి కలదు గనుక ఎర్తింగు లేనిదే నడపరాదు.

కొనుటకు ముందు అడుగవలసినవి

యంత్రము గంటకు ఎన్ని గ్రాముల ఓజోను ఇచ్చును? ఆ లెక్క మామూలు గాలితోనా, సిలిండరులోని ప్రాణవాయువుతోనా? గాలిని ఆరబెట్టు భాగము కలదా? కలుపు గొట్టము, బొగ్గు ఫిల్టరు, పరీక్ష పెట్టె ధరలో చేరినవా? గంటకు ఎన్ని యూనిట్ల కరెంటు కాలును? ఉప్పునీటిలో మిగులు ఘాటును ఎట్లు తీయవలెను? ఈ కడపటి ప్రశ్నకు "ఉప్పునీటిలోను మిగులు ఉండదు" అని జవాబు వచ్చిన, ఆ అమ్మువానికి తన సరుకు సంగతి తెలియదని గ్రహింపుడు.

మీ చెరువులో ఎన్ని లీటర్ల నీరు పట్టునో కాగితముపై లెక్క వేసికొనుడు. దానిని యంత్రము ఇచ్చు గ్రాములతో సరిచూడుడు. ఈ లెక్కకు పెన్సిలు ముక్క చాలును. హేచరీ గలవారికి బ్లీచింగు చౌకయా, ఓజోను చౌకయా అన్నదియు ఇట్లే తేలును. చెరువు రైతునకు మాత్రము ఆ సొమ్ము మంచి సీడుకు, మరియొక ఏరేటరుకు, నీటిని నిలువచేసి శుద్ధిచేయు రిజర్వాయరు చెరువుకు పెట్టిన యెక్కువ ఫలితము కలుగును. ఓజోను మంచి పనిముట్టే. కాని కొడవలితో దుక్కి దున్నలేనట్లే, తొట్టెకు తగిన పనిముట్టుతో చెరువును బాగుచేయలేము.